గ్రామపు మురుగునీరు: ఏ నేలకు ఏ పద్ధతి?

పూర్వము మన పల్లెలలో మురుగునీటి బెడద యిప్పటివలె లేదు. అందుకు కారణము మన పెద్దలు మనకంటె శుభ్రముగా నుండుట కాదు. ఇంటికి వచ్చు నీరే తక్కువ. చెరువు నుండి కావడితోనో బిందెతోనో తెచ్చుకొన్న నీటిని ఇల్లాలు కొలిచినట్లు వాడుకొనెడిది. అంట్లు తోమిన నీరు పెరటిలోని అరటిపాదునకు చాలీచాలక సరిపోయెడిది. వీధిలోనికి పారుటకు నీరు మిగిలినది తక్కువ.

నేడు కుళాయి ముంగిటికి వచ్చినది. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జల జీవన మిషన్ మనిషి ఒక్కింటికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని లక్ష్యము పెట్టినది. అందులో సుమారు 36 లీటర్లు వాడిన నీరుగా తిరిగి వెలికి వచ్చునని అధికారుల లెక్క. మూడువేల జనాభా గల ఊరిలో ఇది దినమునకు లక్షా ఎనిమిది వేల లీటర్లు. ఇంత నీరు ప్రతి ఉదయము సైడు కాలువలలో పడి ఎక్కడికో పోవలెను. నీరు తెచ్చుటలో మనము చూపిన శ్రద్ధ, ఆ నీరు ఎక్కడికి పోవునో చూచుటలో చూపలేదని ఒప్పుకొనక తప్పదు.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మైదానములో ఈ విషయము మరింత జాగ్రత్తగా ఆలోచింపవలసి యున్నది. పర్చూరు, పెదనందిపాడు, చిలకలూరిపేట ప్రాంతముల ప్రత్తి, మిరప భూములలో అనేక చోట్ల భూగర్భజలము ఉప్పనిది, లేదా వంటకు పనికిరాని జబ్బనీరు. అందుచేత ఊరివారు సాగరు కుడి కాలువ నుండియో, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నుండియో వచ్చిన నీటిని చెరువులో నింపుకొని, కాలువలు కట్టివేసిన నెలలలో దానినే త్రాగుదురు. ఆ మంచినీటి చెరువు చాలచోట్ల ఊరి పల్లమున నుండును. మురుగు కాలువయు ఆ పల్లమునకే దిగును. రెంటికిని నడుమ నొక మట్టిగట్టు మాత్రమే యుండును. భాద్రపదములో ఒక రాత్రి పెద్దవాన కురిసిన యెడల ఆ గట్టు ఎంతవరకు ఆగునో ఊరివారికే తెలియును.

పట్టణములకును ఈ ప్రమాదము తప్పలేదు. 2018 మార్చి నెలలో గుంటూరు నగరమున అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. త్రాగునీటిలో మురుగు కలియుటయే కారణమని నాడు ఎల్లెడల చెప్పుకొనిరి. నీటి గొట్టమును మురుగు కాలువయు ఒకదాని ప్రక్క నొకటి పోవు వీధి పల్లెలలో ఎన్ని లేవు?

కాలువలో పారునది ఏమి?

మురుగునీరు రెండు విధములు. వంటయింటి నుండియు, స్నానపు గది నుండియు, బట్టలుతికిన చోటు నుండియు వచ్చునది వాడుక నీరు. మరుగుదొడ్డి నుండి వచ్చునది మలజలము. మొదటిదానిని సులభముగా బాగుచేయవచ్చును. రెండవదానియందు కలరా, టైఫాయిడు, కామెర్లు, ఏలికపాములు మొదలగువాటి బీజము లుండును.

కాగితముపై మన సైడు కాలువలలో వాడుక నీరు మాత్రమే పారుచున్నది. ఊరిలో ఒక్కసారి నడచి చూచిన యెడల నిజము తెలియును. సెప్టిక్ ట్యాంకు కట్టుకొన్న ఇండ్లలో ననేకము ట్యాంకు నుండి ఒక గొట్టము తీసి కాలువలోనికి వదలినవే. ట్యాంకులో మడ్డి అడుగునకు దిగును. పైకి తేట నీరు వచ్చును. తేటగా నున్నది గావున శుభ్రమైనదని ఇంటివారు అనుకొందురు. ఆ నీరు తేట యయినను రోగబీజములకు లోటుండదు. అందుచేత ఏ పద్ధతి మంచిదని వాదించుకొనుటకు ముందు పంచాయతీవారు చేయవలసిన పని యొకటి కలదు. ఇల్లిల్లు తిరిగి, కాలువలోనికి వదలిన ట్యాంకు గొట్టములు ఎన్నియో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. ఆ సంఖ్య పదియైన పథకము ఒక తీరు; రెండు వందలైన మరియొక తీరు. ఈ లెక్క లేకయే అంచనాలు తయారగుట మేము పలుచోట్ల చూచితిమి.

రేగడిలో ఇంకుడు గుంట

వాడుక నీటికి అందరును మొదట చెప్పునది ఇంకుడు గుంట. చౌకైనది, ఇంటిలో ఎవరి నీరు వారే సరిచేసికొందురు, పంచాయతీపై భారము లేదు. ఎఱ్ఱనేలలలో ఇది చక్కగా పనిచేయును. రేగడి సంగతి వేరు.

మేము చూచిన యొక రేగడి గ్రామములో వేసవిలో ఉత్సాహముగా వీధివీధిని ఇంకుడు గుంటలు త్రవ్విరి. రాయి, కంకర, ఇసుక పొరలుగా పోసి పైన బండ పరచిరి. వైశాఖ జ్యేష్ఠములలో ఎన్ని బిందెలు పోసినను నీరు క్షణములో మాయమయినది. ఊరివారు సంతోషించిరి. శ్రావణమాసమునకు గుంటలన్నియు నిండినవి. భాద్రపదమునకు పొంగి వాకిళ్ళలోనికి వచ్చినవి. కార్తికమునకు వాటిలో దోమలు కాపురము పెట్టినవి. తప్పు త్రవ్వినవారిది కాదు. నల్లరేగడి ఎండిన యెడల చెయ్యి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలలో పడి నీరు పోవును గాని మట్టిలోనికి ఇంకుట లేదు. తడి తగిలినంతనే అదే మట్టి ఉబ్బి నెఱ్ఱెలు మూసికొనును. అప్పుడు నీరు దిగుటకు దారి యుండదు.

దీనిని ముందుగా తెలిసికొనుటకు పరీక్ష కలదు. భారతీయ ప్రమాణముల సంస్థ వారి నిబంధనలలో నున్నదే. ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ చేయగలరు. గుంట ఎంత లోతున రావలెనో అంత లోతునకు జానెడు వెడల్పున రంధ్రము త్రవ్వవలెను. ప్రక్కలను కత్తితో గీరి, అడుగున రెండంగుళముల కంకర పోసి, దానిపై అడుగెత్తు నీరు నింపి, ఒక రాత్రి నానబెట్టవలెను. రేగడిలో ఈ నానబెట్టుటయే ప్రాణము. నెఱ్ఱెలు మూసికొనిన తరువాత నేల నిజము చెప్పును. మరునాడు కంకరపై ఆరంగుళముల నీరుంచి అది ఎంత దిగుచున్నదో గడియారము చూచి కొలువవలెను. ఒక అంగుళము దిగుటకు 30 నిమిషములు మించనిచో ఇంకుడు గుంట పనిచేయును. 30 నుండి 60 నిమిషములైన గుంటకు బదులు పొడవైన కందకము త్రవ్వవలెను. గంటకు మించినచో ఆ నేలలో ఇంకుడు పద్ధతిని విడిచిపెట్టి వేరొకటి చూచుకొనవలెను. మన రేగడులలో చాలభాగము ఈ మూడవ వర్గమునకు చెందును. పరీక్షను వర్షకాలములో చేసిన మరింత నమ్మకము.

ఇసుక నేలలో

బాపట్ల, చీరాల, వేటపాలెము, కొత్తపట్నముల వైపు సముద్రపు టొడ్డున ఇసుక మేటలపై నున్న ఊళ్ళలో కథ తలక్రిందులగును. అక్కడ నీరు ఇంకదను బాధ లేదు. మితిమీరి ఇంకుటయే బాధ. ఇసుకలో కొద్ది అడుగుల లోతున వాననీరు పలుచని పొరగా నిలిచి యుండును. దాని క్రింద ఉప్పునీరు. ఈ పై పొరను మాత్రము నేర్పుగా తీసికొనుటకే మన పూర్వులు దొరువులు త్రవ్విరి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనా కేంద్రమువారు ఆ దొరువును మెరుగుపరచి, గొట్టములు పరచి నీటిని పైపైన సేకరించు పద్ధతిని రూపొందించిరి. మల్లెతోటలు, కూరతోటలు, ఒకప్పుడు త్రాగునీరు కూడ ఆ పొర మీదనే ఆధారపడినవి.

అట్టి ఇసుకలో ఇంటింటికి గుంట త్రవ్వి మురుగును దింపిన యెడల అది దొరువులోనికే, చేతిపంపులోనికే పోవును. ఇసుక కొంత వడపోయును గాని, నీటిమట్టము గుంట అడుగును తాకుచున్నప్పుడు వడపోత ఎక్కడిది? త్రాగునీటి బావికి గుంట కనీసము 18 మీటర్లు, అనగా 60 అడుగులు, దూరముండవలెనని నిబంధన. వానకాలములో నీరు ఆరడుగుల లోపలికి వచ్చు చోట గుంటను తలపెట్టనే రాదు. అక్కడ మురుగును గట్టి కాలువలలో ఊరి బయటికి తెచ్చి, అడుగు కారకుండ కట్టిన తొట్టెలలో శుద్ధిచేయుట మేలు. నీరు కారునట్టి చెరువు ఇసుకలో త్రవ్విన, అదియు పెద్ద ఇంకుడు గుంటయే యగును.

ఎండతో పనిచేయు చెరువులు

రేగడి ఊరికి మేము మొదట సూచించునది మూడు కుంటల పద్ధతి. ఇంకుడు గుంటకు శత్రువైన జిగట మట్టియే కుంటకు మిత్రము. అడుగును తడిపి, రోలరుతో గట్టిపరచిన రేగడి నీటిని చాలవరకు పట్టి యుంచును. సిమెంటు పరుపుపై పెట్టు ఖర్చు తగ్గును. అయితే కుంటను ఎండనీయరాదు. ఒక్క వేసవి ఎండి నెఱ్ఱె విచ్చిన యెడల మరల గట్టిపరచుకొనవలసినదే.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1958లో నాగపూరులో నెలకొన్న కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధనా సంస్థ, అనగా నేటి నీరి సంస్థ, మన దేశపు ఎండలకు తగినట్లు ఇట్టి కుంటలను పరిశోధించినది. పని జరుగు విధము ఇది. కాలువ చివర నొక ఇనుప జల్లెడ చెత్తను ఆపును. మొదటి కుంట లోతైనది. ఎనిమిదడుగుల వరకు ఉండవచ్చును. అందులో మడ్డి దిగి, గాలి తగులని చోట బ్రతుకు సూక్ష్మజీవులు దానిని కుళ్ళించి కరగించును. రెండవది విశాలమైనది, ఐదడుగుల లోతు. అక్కడ నాచు ఎండలో పెరిగి ప్రాణవాయువు నిచ్చును; ఆ వాయువుతో వేరొక జాతి సూక్ష్మజీవులు మిగిలిన మాలిన్యమును తినివేయును. నీరు పచ్చగా కనబడిన యెడల కుంట ఆరోగ్యముగా నున్నదని గుర్తు. నల్లబడి వాసన వచ్చిన భారము మించినదని గుర్తు. మూడవది మూడడుగుల లోతున నుండును. ఎండ అడుగువరకు దిగి రోగబీజములను చంపును. ఏలికపాముల గ్రుడ్లు బరువైనవి; నీరు మొత్తము మీద ఎనిమిది పది దినములు నిలిచిన యెడల అవి అడుగునకు దిగిపోవును.

మూడువేల జనాభా గల ఊరికి మొదటి కుంటలో రెండు దినములు, రెండవదానిలో ఏడు, మూడవదానిలో ఐదు దినములు నీరు నిలుపదలచిన, నీటి వైశాల్యము సుమారు 1,130 చదరపు మీటర్లు. గట్లు, దారి, మొక్కలతో కలిపి అర ఎకరము చాలును. కాలువలో మలజలము ఎక్కువగా కలియు ఊరిలో ఎకరమనుకొనుట క్షేమము.

లోపములు లేకపోలేదు. పల్లపు భూమి దొరకదు. దొరికినది ఆక్రమణలో నుండును. గట్టు వెంట గడ్డి పెరిగిన దోమలు చేరును. నెల కొకసారి గడ్డి కోయుటయు, గంబూసియా చేపలను వదలుటయు మరువరాదు. తుఫానుల సంగతియు ఆలోచింపవలెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అట్టి వానలో వాగు పొంగినప్పుడు కుంటలు మునిగినచో మురుగంతయు చేలలోనికి పోవును. కావున వాగు వరద మట్టమునకు పైగా గట్టు లేపి, వాననీరు కుంటలోనికి రాకుండ ప్రక్కకాలువ త్రవ్వవలెను. మంచినీటి చెరువునకు ఎగువన మాత్రము ఎట్టి పరిస్థితిలోను ఈ కుంటలు కూడవు.

మొక్కల పరుపు, యంత్రములు

స్థలము తక్కువైన చోటను, ఇసుక నేలలందును మరియొక పద్ధతి కలదు. మురుగును ముందొక తొట్టెలో నిలిపి, తేరిన నీటిని కంకర నింపిన కారని తొట్టెలోనికి అడ్డముగా పారించి, ఆ కంకరలో మెట్టతామర, జమ్ము మొక్కలు నాటుదురు. కంకరను పట్టుకొని పెరుగు సూక్ష్మజీవులు నీటిని శుభ్రపరచును; మొక్కల వేళ్ళు వాటికి తోడ్పడును. నీరు పైకి కనబడదు గావున దోమ లేదు, వాసన తక్కువ. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఇట్టి మొక్కల మడులను గ్రామములలో నిర్మించి, బయటికి వచ్చిన నీటిని సేద్యమునకు వాడి చూచిరి. మనిషికి సుమారు ఒక చదరపు మీటరు మడి కావలెనని స్థూలముగా లెక్కించుకొనవచ్చును. కంకరకు మన ప్రాంతమున కొదువ లేదు. చీమకుర్తి, మార్టూరుల రాతి గనులు దగ్గరనే యున్నవి. చిక్కు ఎక్కడనగా, ముందున్న తొట్టె మడ్డిని సకాలమున తీయనిచో అది కంకరలోనికి చేరి సందులను మూసివేయును. అప్పుడు కంకరనంతయు తీసి కడుగవలెను. ఆ పనికి ఏ పంచాయతీయు సంతోషముగా పూనుకొనదు.

ఇక గాలి పంపుల యంత్రాలయములు. పట్టణములలో ఇవి అవసరమే. చోటు తక్కువ, నీరు ఎక్కువ. పల్లెకు వచ్చి అమ్మువారు చూపించు నమూనా నీరు గాజుగ్లాసులో చక్కగా మెరయును. కాని చిన్న యంత్రములలో ఘనమీటరు నీటికి సుమారు అర యూనిటు నుండి ఒక యూనిటు విద్యుత్తు కావలెను. మన మూడువేల జనాభా ఊరికి దినమునకు యాభై నుండి నూరు యూనిట్లు, ఏడాది పొడవునను. నడుపుటకు తెలిసిన మనిషి కావలెను. గాలి ఆగిన కొద్ది గంటలకే లోపలి సూక్ష్మజీవులు చచ్చుట మొదలగును. వీధి దీపముల బిల్లే బకాయి పడిన పంచాయతీ దీనిని తలకెత్తుకొనుట మాకు ఉచితముగా తోచదు.

సెప్టిక్ ట్యాంకుల మడ్డి మాట వేరు. దానిని లారీ ట్యాంకరువాడు తీసి చీకటిలో ఏ కాలువగట్టుననో వదలిపోవుట అందరును ఎరిగినదే. ఒక్క ఊరు దీనిని సరిచేయలేదు. పది ఇరువది ఊళ్ళు కలిసి సమీప పట్టణముతో పొత్తు కుదుర్చుకొనవలెను. కర్ణాటకలో దేవనహళ్ళి పట్టణమున 2015లోను, మన పొరుగున వరంగల్లులో 2017లోను ఈ మడ్డిని శుద్ధిచేయు కేంద్రములు నెలకొల్పిరి.

బాగుపడిన నీరు ఏ పంటకు?

లక్ష లీటర్లు అనగా నూరు ఘనమీటర్లు. ఎకరమునకు రెండంగుళముల తడి పెట్టుటకు రెండు వందల ఘనమీటర్లు చాలును. అనగా ఊరి వాడిన నీరు రెండు దినములకు ఒక ఎకరమును తడుపగలదు. డిసెంబరు తరువాత ఒక్క తడి లేక మిరప పూత రాల్చు రైతునకు ఇది చిన్న మాట కాదు. రైతులు కుంట నీటిని మిరపకు అడుగుదురు. ఇక్కడనే నిదానింపవలెను.

ఇంటిలో వాడిన నీటియందు ఉప్పు పెరుగును. సబ్బుల వలన సోడియము చేరును. అసలే ఉప్పు గల ప్రాంతములో ఇది మరింత. నేలలోని ఉప్పును విద్యుద్వాహకతతో కొలుతురు. అది 1.5 డెసీసీమన్లు దాటినప్పటినుండియే మిరప దిగుబడి తగ్గనారంభించును. ప్రత్తి సుమారు 7.7 వరకు ఓర్చుకొనును. సోడియము రేగడి మట్టిని మరింత జిగటగా చేసి గాలి ఆడకుండ చేయును. అంతేగాక ప్రత్తి తినెడి వస్తువు కాదు. మిరప కాయ కళ్ళములో ఎండి నేరుగా వంటింటికి పోవును. పచ్చిగా కూడ తిందుము. పచ్చిగా తిను పంటలకు కట్టు మురుగు సేద్యపు నీటిలో లీటరుకు ఒక ఏలికపాము గ్రుడ్డునకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే సూచించినది. ఈ రెండు కారణముల చేతను కుంట నీటిని ప్రత్తికి ఇచ్చుటయే మా సలహా. ప్రత్తి లేని వేసవిలో గట్టు ప్రక్కన సుబాబులు, జామాయిలు, పశుగ్రాసపు గడ్డి పెంచవచ్చును. ఇసుక నేలలో సరుగుడు. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా క్షేత్రమువారిని సంప్రదించి, వారి సలహా ప్రకారము ఏటేటా నీటిని, మట్టిని పరీక్ష చేయించుట మంచిది. నీరు వదలు రైతు ఎవరు, వంతు ఎవరిది అనునది ముందే గ్రామసభలో వ్రాసికొననిచో కుంటకంటె తగవే పెద్దదగును.

ఖర్చు

స్వచ్ఛ భారత్ గ్రామీణ పథకము రెండవ దశకు 2020లో ఇచ్చిన మార్గదర్శకముల ప్రకారము వాడుక నీటి పనులకు ఐదువేల లోపు జనాభా గల ఊరికి తలకు 280 రూపాయలు, అంతకు మించిన ఊరికి 660 రూపాయలు వరకు లెక్కించిరి. అందులో 30 శాతము పంచాయతీ తన ఆర్థిక సంఘపు నిధుల నుండి భరింపవలెను. మూడువేల జనాభాకు మొత్తము 8,40,000 రూపాయలు. పంచాయతీ వంతు 2,52,000. నిధుల నేటి స్థితిని మండల పరిషత్తు కార్యాలయములో విచారించి తెలిసికొనవలెను. మట్టిపనితో ముగియు కుంటలకు ఈ సొమ్ము చాలవరకు ఆనును, యంత్రములకు ఆనదు. అయినను కట్టుటకు వచ్చు సొమ్ము ఒక్కమారే వచ్చును. గడ్డి కోయు కూలి, జల్లెడ ఎత్తు కూలి, కొన్ని యేండ్ల కొకసారి మొదటి కుంట పూడిక తీయు ఖర్చు ఊరివే. అంచనా చూపిన ఇంజనీరును మొదటి ప్రశ్నగా దీనినే అడుగుడు: జల్లెడను ప్రతి ఉదయము ఎత్తువా రెవరు, వారి జీతము ఏ పద్దులో వ్రాసితిరి?

ఈ యేటి పని మొదలుపెట్టదలచిన ఊరివారు ఆషాఢములో ట్యాంకు గొట్టముల లెక్క పూర్తిచేసి, శ్రావణ భాద్రపదములలో వానలు పడుచుండగా నేల పరీక్షను మూడు నాలుగు చోట్ల చేయించి, పెద్దవాన వెలిసిన మరునాడు కాలువ నీరు ఏ దారిన చెరువు వైపు పోవుచున్నదో నడచి చూచి, ఆ మూడు కాగితములతో సంక్రాంతికి ముందు గ్రామసభ కూర్చుండవచ్చును. మట్టిపని మాఘ ఫాల్గుణములలో, రేగడి పార దిగునంత పదునుతో నుండగా జరుపవలెను. వైశాఖము వచ్చిన గడ్డపారయు దిగదు.